పోలీసు బలప్రయోగం, ప్రజల నమ్మకం: విశాఖ అనుభవం

చట్టాన్ని అమలు చేసే పనిలో పోలీసులు మనిషి భుజమ్మీద చెయ్యి వేయడం మొదలుకొని తుపాకీ పేల్చడం దాకా చేసేవన్నీ బలప్రయోగం కిందికే వస్తాయి. జబ్బ పట్టుకుని జీపు ఎక్కించడం, బేడీలు వేయడం, లాఠీచార్జి, బాష్పవాయువు, కాల్పులు చట్టం ఒప్పుకున్న రూపాలు. లాకప్‌లో దెబ్బలు, థర్డ్ డిగ్రీ, బూటకపు ఎన్‌కౌంటర్ ఒప్పుకోనివి. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడుందో చట్టంలో స్పష్టంగానే ఉంది. పోలీసు ఆ గీత దాటినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి, చెప్పుకున్నాక ఏం జరుగుతుంది అన్నవాటి మీద ప్రజల నమ్మకం ఆధారపడుతుంది. విశాఖపట్నం, దాని వెనకనున్న మన్యం గడిచిన నూట డెబ్భై ఏళ్లలో చూసినవి ఈ సంగతినే మళ్లీ మళ్లీ చెబుతున్నాయి.

మద్దిలపాలెం ఈ నగరపు నడిబొడ్డు కూడలి. 16వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగా పోతుంది. ఒక పక్క ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇంకో పక్క డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాల, దగ్గరలోనే ఆర్టీసీ డిపో. బంద్ పిలుపు వస్తే తెల్లవారుజామునే నాయకులు డిపో గేటు ముందు బైఠాయిస్తారు. వాళ్లకంటే ముందే పోలీసు వ్యాన్లు వచ్చి ఉంటాయి. రాస్తారోకోలూ, ఈడ్చివేతలూ, వ్యాన్ల కిటికీల్లోంచి నినాదాలూ ఈ కూడలికి అలవాటే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఇక్కడికి దగ్గరే. దాని ప్రస్తావన ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది.

చట్టం గీసిన గీత

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 43వ సెక్షన్ అరెస్టు ఎలా చేయాలో చెబుతుంది. ఎదురుతిరిగితే, తప్పించుకోజూస్తే అవసరమైన మేరకు బలం వాడవచ్చు. మరణశిక్షగానీ యావజ్జీవంగానీ పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు మాత్రం ఆ సెక్షన్ ఇవ్వదు. 148వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధంగా గుమికూడిన జనాన్ని ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి; వినకపోతేనే బలం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 46, 129 సెక్షన్లే కొత్త అంకెలతో ఇలా వచ్చాయి. పోలీసుకు ఆత్మరక్షణ హక్కు ఉంది. అయితే అది మామూలు పౌరుడికి ఉన్న హక్కే, అంతకంటే వేలెడు ఎక్కువ కాదు.

ఇందులో పెద్దగా ఎవరూ పట్టించుకోని నిబంధన ఒకటుంది. పోలీసు ఎదుట ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. పోలీసు రాసుకున్న ఒప్పుకోలును తాను నమ్మనని చట్టమే చెబుతోందన్నమాట. ఈ అపనమ్మకం వెనుక మన ప్రాంతపు చరిత్ర ఉంది.

1855 నాటి నివేదిక

అప్పటి విశాఖపట్నం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. శిస్తు వసూలు చేసేదీ, నేరాలు విచారించేదీ ఒకే యంత్రాంగం. తాసీల్దారు, ఆయన కింది బంట్రోతులు రైతు దగ్గర శిస్తూ రాబట్టేవాళ్లు, దొంగ దగ్గర ఒప్పుకోలూ రాబట్టేవాళ్లు. రెండు పనులకూ పద్ధతి ఒక్కటే. దీనిమీద బ్రిటిష్ పార్లమెంటులో రభస జరిగాక, 1854లో మద్రాసు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులు 1855లో నివేదిక ఇచ్చారు. మద్రాసు చిత్రహింసల కమిషన్‌గా చరిత్రకారులు చెప్పుకునేది దీన్నే.

ఎక్కువగా వాడుకలో ఉన్న రెండు హింసలకు తెలుగు జిల్లాల్లో చెలామణీ అయిన పేర్లను ఆ నివేదిక ఇంగ్లిషు అక్షరాల్లో నమోదు చేసింది. వాటిని తెలుగులోకి తెచ్చుకుంటే ‘చీరాట’, ‘గింజెరి’ అని చదువుకోవాలి. మొదటిది ఒక కొసన కలిపి కట్టిన రెండు కర్రలు; నడుమ వేళ్లు పెట్టి నిమ్మకాయ పిండినట్లు పిండుతారు. రెండోది మనిషిని నడుం వంచి, తలను కాళ్ల దగ్గరికి తెచ్చి, తాడుతోనో అతని ఒంటిమీది గుడ్డతోనో కట్టి, ఎర్రటి ఎండలో గంటలకొద్దీ నిలబెట్టడం. ఇలాంటి పనికి వాడుక పేరు ఉందంటే అది ఎక్కడో ఒకసారి జరిగిన ఘోరం కాదు, నిత్యం సాగే వ్యవహారం.

కమిషన్‌కు దాదాపు రెండు వేల ఫిర్యాదులు అందాయి. మద్రాసు చేరడానికి జనం రోజుల తరబడి నడిచి వచ్చారు. ఆ ముగ్గురు సభ్యులను హింసకంటే ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటుంది. దెబ్బలు తిన్న మనిషికి న్యాయం దొరకడం ఎంత కష్టమో చూసి వాళ్లు నివ్వెరపోయారు. కొట్టిన బంట్రోతుపై ఫిర్యాదు అదే తాసీల్దారు దగ్గరికి పోవాలి. తాసీల్దారు రాసిందే కలెక్టరు చదువుతాడు. పోలీసు బలప్రయోగంపై ఆ తర్వాత జరిగిన చర్చలన్నీ ఆ ముగ్గురు పట్టుకున్న ఈ ముడి చుట్టూనే తిరిగాయి.

నివేదిక ఫలితంగా శిస్తు పని నుంచి పోలీసు పని విడిపోయింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది, రెండేళ్లకు 1861లో దేశమంతటికీ మరో చట్టం. ఒప్పుకోళ్లు చెల్లవన్న నిబంధన కూడా ఆ ఏడాదే మొదటిసారి నేరవిచారణ స్మృతిలో చేరింది. అయితే కొత్త పోలీసుకు నమూనాగా తీసుకున్నది లండన్ దళాన్ని కాదు, ఐర్లండ్ దళాన్ని. లండన్‌లో 1829లో రాబర్ట్ పీల్ నెలకొల్పిన దళం తుపాకీ లేకుండా వీధుల్లో తిరిగేది, జనం సమ్మతి మీద బతికేది. ఐర్లండ్ దళం అణచిపెట్టాల్సిన జనం మీద కాపలాకు పెట్టిన సాయుధ దళం. 1859 నాటి ఆ చట్టం ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది.

మన్యం, ఉక్కు

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. కలెక్టరు కచేరీనో కోర్టునో వదిలి స్టేషన్లనే ఎంచుకోవడానికి తుపాకుల అవసరం ఒక కారణం. మన్యం మనిషికి ప్రభుత్వమంటే కళ్లెదుట కనిపించేది ఖాకీ ఒక్కటే కావడం ఇంకో కారణం. 1924 మే 7న సీతారామరాజును పట్టుకున్నారు. కోర్టు ముఖం చూపకుండానే కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. పారిపోబోయాడని ఆనాటి అధికారులు రాసుకున్నారు. చెట్టుకు కట్టి కాల్చారన్నది జనం చెప్పుకునే మాట. సర్కారు కాగితం, జనం మాట వేరువేరు దారుల్లో పోవడం ఈ నేలమీద అప్పటికే మొదలైంది.

1966లో నగరం వంతు వచ్చింది. విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని టి. అమృతరావు నిరాహారదీక్షకు దిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఊరంతా కదిలింది. నవంబర్ 1న విశాఖలో పోలీసులు జనంమీద కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో బడికి పోయే పిల్లవాడు కూడా ఉన్నాడు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని ఇవాళ్టికీ స్మరించుకుంటారు. కర్మాగారాన్ని 1970లో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఉక్కు వచ్చింది, కాల్పులకు బాధ్యులెవరో మాత్రం తేలలేదు. 2021లో ప్రైవేటీకరణ వార్త వచ్చాక కూర్మన్నపాలెంలో కార్మికులు శిబిరం వేసినప్పుడు, అక్కడి ప్రసంగాల్లో ఆ 32 ప్రాణాల మాట మళ్లీ మళ్లీ వచ్చింది. కాల్పుల జ్ఞాపకం మూడు తరాలు నిలుస్తుంది.

శ్రీకాకుళం గిరిజన పోరాట కాలంలో, 1969–70 మధ్య, ‘ఎన్‌కౌంటర్’ తెలుగు మాట అయిపోయింది. 1970 జూలైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఎన్‌కౌంటర్‌లోనే చనిపోయారు. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్లపై 1977లో తార్కుండే కమిటీ, తర్వాత భార్గవ కమిషన్ విచారించాయి. పౌరహక్కుల ఉద్యమంలో కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ దశాబ్దాలపాటు ఒకటే ప్రశ్న అడిగారు: పోలీసు చేతిలో మనిషి చనిపోతే అది హత్యా, ఆత్మరక్షణా అన్నది పోలీసే ఎలా తేలుస్తాడు? ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై వచ్చిన ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో దేశమంతటికీ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ కేసు కట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అని నిరూపించుకోవాల్సింది విచారణలోనేనని తేల్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 2014లో మరో కేసులో తానే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. దేశానికి ఈ న్యాయసూత్రాల్లో ఎక్కువ భాగం తెలుగు నేల నుంచి పోయినవే అన్నది గర్వపడాల్సిన మాట కాదు. ఇక్కడ అంతమంది చనిపోయారు కాబట్టే అంత చట్టం పుట్టింది.

పోలీసు కుటుంబాలూ ఈ కాలంలో చాలా కోల్పోయాయి. 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళాన్ని నెలకొల్పిన కె.ఎస్. వ్యాస్‌ను 1993లో హైదరాబాద్‌లో మావోయిస్టు పార్టీకి పూర్వరూపమైన పార్టీ దళం కాల్చి చంపింది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో జరిగిన దాడిలో 38 మంది చనిపోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ జవాన్లే. ఆ ఇళ్లల్లోని దుఃఖాన్ని లెక్కలో వేసుకోని వ్యాసం అబద్ధం అవుతుంది.

వాకపల్లి

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని జి. మాడుగుల మండలం, వాకపల్లి. మగవాళ్లు పొలాలకు పోయిన వేళ కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కొండ్ తెగ మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసు శాఖ మొదటి రోజు నుంచీ దాన్ని కొట్టిపారేసింది, మావోయిస్టులు చెప్పించిన కథ అంది. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 13 మందిపై విచారణ జరపాల్సిందేనని 2017 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఘటన జరిగి అప్పటికే పదేళ్లు.

2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం 13 మందినీ నిర్దోషులుగా విడుదల చేసింది. తీర్పు అంతటితో ఆగలేదు. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయకపోవడం వల్లే నేరం రుజువు కాలేదని ఎత్తిచూపింది. బాధిత మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నిందితులను గుర్తించే పరేడ్ జరగలేదు. ఆ రోజు కొండెక్కింది ఎవరెవరో బాధితుల చేత గుర్తింపజేసే ప్రయత్నమే లేనప్పుడు ఏ న్యాయమూర్తి అయినా ఏం చేయగలడు?

13 మందీ చట్టం దృష్టిలో నిర్దోషులు. ఆ మాటను గౌరవించాలి. పరిహారం ఇమ్మన్న ఆదేశం కూడా అదే తీర్పులో ఉంది, దానినీ అంతే గౌరవించాలి. ఈ రెండూ పక్కపక్కన ఉండటంలోనే వాకపల్లి అర్థం ఉంది. పోలీసుపై ఆరోపణను పోలీసే దర్యాప్తు చేస్తే నిర్దోషికి పూర్తి ఊరట రాదు, బాధితురాలికి పూర్తి న్యాయమూ రాదు. పదహారేళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ ఆడవాళ్ల ఓర్పు మాత్రం ఈ రాష్ట్రపు న్యాయచరిత్రలో సాటిలేనిది.

అదే మన్యంలో నమ్మకం ఇంకో విధంగా విరిగిన రోజూ ఉంది. 2018 సెప్టెంబర్ 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు చంపారు. కొన్ని గంటల్లోనే కోపోద్రిక్తులైన జనం డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్లపై పడి నిప్పుపెట్టారు. కాపాడలేకపోయారన్నది వాళ్ల కోపం. పోలీసు కొట్టినందుకే కాదు, రావాల్సిన వేళ రానందుకూ జనం నమ్మకం పోతుంది.

2020 మే, ఒకే నగరం

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ముందుగా చేరినవాళ్లలో పోలీసులు ఉన్నారు. సరైన మాస్కులు లేకుండానే ఇళ్ల తలుపులు పగలగొట్టి, స్పృహ తప్పినవాళ్లను మోసుకొచ్చారు. వాళ్లలో కొందరు తామే కుప్పకూలారు. విశాఖ జనం ఆ ఉదయాన్ని మరిచిపోలేదు, మరవకూడదు కూడా.

తొమ్మిది రోజులకు, మే 16న, అదే నగరంలో జాతీయ రహదారి మీద, మద్దిలపాలేనికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని అక్కయ్యపాలెం దగ్గర, చొక్కా లేని ఒక మనిషిని చేతులు వెనక్కి విరిచి కట్టి ఆటో ఎక్కించారు. ఒక కానిస్టేబుల్ లాఠీతో కొట్టాడు. ఆ మనిషి డాక్టర్ కె. సుధాకర్, నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తువైద్యుడు. కరోనా రోగులను చూసే వైద్యులకు ఎన్95 మాస్కులు ఇవ్వడం లేదని ఏప్రిల్‌లో బహిరంగంగా చెప్పి సస్పెండ్ అయినవాడు. తాగి రోడ్డుమీద గొడవ చేస్తున్నాడని ఫోన్ వచ్చిందని పోలీసులు చెప్పారు. కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) తీసుకెళ్లి, అక్కణ్నుంచి చినవాల్తేరు మానసిక వైద్యశాలలో చేర్చారు. కొట్టిన కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. అప్పటికే వీడియో రాష్ట్రమంతా తిరిగింది.

విషయం హైకోర్టుకు చేరింది. మేజిస్ట్రేటును పంపి ఆయన వాంగ్మూలం తీసుకోమన్నారు. ప్రభుత్వం తరఫు నివేదిక చెప్పిన గాయాలకూ, మేజిస్ట్రేటు తన కళ్లతో చూసి రాసిన గాయాలకూ లెక్క కుదరలేదు. మే 22న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. నా ఉద్దేశంలో లాఠీ దెబ్బ కంటే పెద్ద గాయం ఆ లెక్క కుదరకపోవడమే. ఎండలో, కరోనా భయంలో, విసిగిపోయిన కానిస్టేబుల్ చెయ్యి తప్పు చేసిందని అనుకోవచ్చు. ఒంటిమీది గాయాలను తక్కువ చేసి రాసిన కాగితానికి ఆ సాకు లేదు. తీరిగ్గా కూర్చుని రాసింది అది. ఏడాది తర్వాత, 2021 మే 21న, డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు.

సీబీఐకి అప్పగించిన మూడు రోజులకే, 2020 మే 25న, అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడమీద ఒక పోలీసు మోకాలు పెట్టి చంపాడు. మొదట పోలీసులు ఇచ్చిన ప్రకటనలో మోకాలి ఊసే లేదు, అది వైద్యపరమైన సంఘటన అన్నట్లు రాశారు. దారినపోయే ఒక అమ్మాయి తీసిన వీడియో అసలు సంగతి బయటపెట్టింది. అక్కడా ఇక్కడా నిజాన్ని వెలికితీసింది పౌరుడి చేతిలోని సెల్‌ఫోనే.

జేజేలు నమ్మకమేనా

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో, దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం వంతెన మీదినుంచి పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, టపాసులు కాల్చారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం ప్రతి తెలుగింటినీ దహించింది. ఆ కోపం నిజమైనది. పదకొండేళ్ల ముందు 2008 డిసెంబర్‌లో వరంగల్ యాసిడ్ దాడి కేసులోనూ ముగ్గురు ఇలాగే చనిపోతే ఇలాగే పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అది చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. వ్యవహారం తర్వాత తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది.

ఆ పూలను పోలీసుపై నమ్మకమని పొరబడేవాళ్లు చాలామంది. జనానికి కోర్టుల మీద, సకాలంలో శిక్ష పడుతుందన్న దాని మీద నమ్మకం పోయిందన్నది ఆ పూల అసలు అర్థం. నిజంగా పోలీసును నమ్మితే, అమ్మాయి కనిపించడం లేదని ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కు పోయినప్పుడు ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ అంత మంట రేపేది కాదు. ముగ్గురు పోలీసులు అందుకే సస్పెండ్ అయ్యారు కూడా. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టే ‘జీరో ఎఫ్‌ఐఆర్’ మాట ఇంటింటా వినిపించడానికి కారణం ఇదే.

పోలీసుల్లోనూ ఈ అపనమ్మకం ఉంది. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 17 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 8,276 మంది పోలీసులను అడిగి 2025లో ఇచ్చిన నివేదికలో, ప్రమాదకరమైన నేరస్థులను కోర్టులో నిలబెట్టడం కంటే చంపడమే మేలని నూటికి 22 మంది అన్నారు. కోర్టు మీద పోలీసుకు నమ్మకం లేదు, పోలీసు రాతమీద కోర్టుకు నమ్మకం లేదు. రెంటి నడుమ నలిగేది స్టేషన్ మెట్లెక్కిన మనిషి.

2025 మేలో తెనాలి నుంచి ఒక వీడియో వచ్చింది. నడిరోడ్డుమీద యువకులను కూర్చోబెట్టి, కాళ్లు తొక్కిపట్టి, అరికాళ్ల మీద పోలీసులు లాఠీలతో బాదుతున్నారు. వాళ్లు రౌడీషీటర్లని, గంజాయి బ్యాచ్ అని సమర్థించినవాళ్లు ఎందరో. నేరచరిత్ర ఉన్నవాడి అరికాలు కూడా చట్టం దృష్టిలో అరికాలే.

కూడలిలో పార్టీలు

విశాఖలో పోలీసు నిష్పాక్షికత మీద అనుమానానికి ప్రతి పార్టీకీ తన తేదీ తనకుంది. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం ఆర్కే బీచ్‌లో మౌనదీక్షకు యువత పిలుపునిస్తే అనుమతి లేదన్నారు. అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డిని విమానాశ్రయంలోనే ఆపేశారు. 2020 ఫిబ్రవరి 27న అదే విమానాశ్రయంలో, అప్పటికి ప్రతిపక్ష నేత అయిన చంద్రబాబు నాయుడిని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 151వ సెక్షన్ కింద ముందస్తుగా అరెస్టు చేశారు. రాష్ట్ర డీజీపీ హైకోర్టుకు వచ్చి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. 2022 అక్టోబర్‌లో పవన్ కల్యాణ్‌ను హోటల్ దాటనివ్వలేదు. ప్రభుత్వాలు మారాయి, ఆగినవాళ్లు మారారు, ఆపిన చెయ్యి మారలేదు. ఎవరు అధికారంలో ఉంటే పోలీసు వాళ్ల మనిషేనన్న అభిప్రాయం ఈ తేదీలతో గట్టిపడింది.

1983లో విశాఖ పోలీసు కమిషనరేట్ అయ్యాక ఇంకో సంగతి తోడైంది. జిల్లాల్లో సభలూ ఊరేగింపులూ నిషేధించే ఉత్తర్వు రెవెన్యూ అధికారి ఇస్తే పోలీసు అమలు చేస్తాడు. కమిషనరేట్‌లో కమిషనరుకే మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. నిషేధించేదీ, నిషేధం తప్పారని లాఠీ ఎత్తేదీ ఒకే శాఖ. 1855 నాటి కమిషన్ సభ్యులు ఈ ఏర్పాటును చూస్తే వెంటనే గుర్తుపట్టేవాళ్లు. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో వచ్చిన ఒకటో నంబరు జీవోను ఆ ఏడాది మే 12న హైకోర్టు కొట్టివేసింది. మద్దిలపాలెం లాంటి కూడళ్లకు ఆ తీర్పు పెద్ద ఊపిరి.

ఎవరికి చెప్పుకోవాలి

2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో ఒకటి పోలీసులపై ఫిర్యాదులకు రాష్ట్రస్థాయిలో, జిల్లాస్థాయిలో వేరే అథారిటీలు పెట్టాలన్నది. ఆంధ్రప్రదేశ్ చాలా ఏళ్లు దాన్ని పక్కన పెట్టింది. మన్యంలో వాకపల్లి ఫిర్యాదు వచ్చిన 2007 నాటికి అలాంటి గడప ఒక్కటీ లేదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలులో కార్యాలయం తెరిచింది. విశాఖ నుంచి అక్కడికి పోవాలంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. 1855లో మద్రాసు దాకా నడిచినవాళ్లు గుర్తుకొస్తారు.

2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ లాకప్, వరండా, విచారణ గది సహా అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలంది. ఏడాదికి తగ్గకుండా ఆ దృశ్యాలు దాచాలంది. కెమెరా విలువ తెలుసుకోవాలంటే ఆదోని అమ్మాయి ఒకరి ఉదంతం చూడాలి. 2023 జనవరి 23న అమెరికాలోని సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆ విద్యార్థినిని, 25 మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్ది చంపింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువేమీ లేదన్నట్టు మరో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడిన మాటలు ఆయన ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. నెలల తర్వాత అవి బయటికొచ్చాయి. 2024లో ఆ అధికారిని ఉద్యోగం నుంచి తీసేశారు. కారు నడిపిన పోలీసుపై తీవ్ర నేరం కేసు పెట్టలేమని అక్కడి ప్రాసిక్యూటర్ చెప్పారు. ఆదోనిలోని తల్లి కడుపుకోత అలాగే మిగిలింది. కెమెరా అంతా చేయదు. అది లేకపోతే ఆ నవ్వు సంగతి కూడా మనకు తెలిసేది కాదు.

మన పోలీసుకు నమూనా అయిన ఐర్లండ్‌లోనే మరో దారి తొక్కినవాళ్లున్నారు. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింస తర్వాత 1999లో ప్యాటెన్ కమిషన్ పోలీసు వ్యవస్థను మార్చాలంది. 2000లో పోలీసులపై ఫిర్యాదులను పోలీసులతో సంబంధం లేకుండా, తన సొంత దర్యాప్తు అధికారులతో విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయం మొదలైంది. 2001లో దళం పేరే మారింది. రెండు మతవర్గాల వారినీ సమంగా చేర్చుకునే భర్తీ పదేళ్లు నడిచింది. అమెరికా మనస్తత్వవేత్త టామ్ టైలర్ 1990లో ప్రచురించిన అధ్యయనం షికాగో నగరవాసులను అడిగి తేల్చిందీ దీనికి దగ్గరిదే: జనం చట్టాన్ని పాటించేది శిక్షకు భయపడి అనేకంటే, తమ మాట విన్నారు, తమతో మర్యాదగా, పక్షపాతం లేకుండా నడుచుకున్నారు అనిపించినప్పుడు. చలానా పడ్డ మనిషి కూడా పోలీసు మాటతీరు బాగుంటే తృప్తిగానే వెళతాడు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ‘ఏరా’ అని పిలిపించుకున్న ఆటో డ్రైవరుకు ఈ సంగతి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు.

అదే సిగ్నల్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ మాటా చెప్పాలి. దేశంలో పోలీసులు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారని 2019 నాటి అధ్యయనం చెప్పింది. బంద్ అయినా, వీఐపీ బందోబస్తు అయినా, సింహాచలం చందనోత్సవమైనా డ్యూటీ ఆయనదే. జనాన్ని అదుపుచేసే శిక్షణ అంటే ఎక్కువగా కవాతు, లాఠీ. కోపంగా ఉన్న మనిషిని మాటతో చల్లార్చడం నేర్పే తరగతులు అరుదు. తప్పు చేసినప్పుడు సస్పెండ్ అయ్యేది కానిస్టేబులో ఎస్సైయో, ఆ పైన ఆదేశమిచ్చినవారి పేరు కాగితంలో ఉండదు. డాక్టర్ సుధాకర్ ఉదంతంలోనూ మొదటి వేటు కానిస్టేబుల్‌మీదే పడింది.

పోలీసు కస్టడీలోకి పోయే మనిషికి చట్టం ఇచ్చిన రక్షణలు ఇవి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించే బ్యాడ్జి ధరించాలి. అరెస్టు మెమో రాసి కుటుంబ సభ్యుడితోనో స్థానికుడితోనో సంతకం చేయించాలి. కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు పెట్టాలి, డాక్టరుకు చూపించాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పదకొండు నియమాల్లోని ముఖ్యమైనవి ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. వీటన్నిటిలో స్టేషన్ గోడల బయట, కోర్టు ఎదుట జరిగేది మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడమే. రిమాండుకు తెచ్చినప్పుడు పోలీసులు ఏమైనా కొట్టారా అని మేజిస్ట్రేటు అడుగుతారు. చాలామంది పక్కనున్న పోలీసు ముఖం చూసి లేదని తల ఊపుతారు. పోలీసు కలం దాటి మనిషి మాట నేరుగా కాగితమెక్కే మొదటి అవకాశం అదే. మీకో, మీవాళ్లకో అలాంటి రోజు వస్తే, దెబ్బలుంటే, అక్కడే చెప్పండి; ఎక్కడ తగిలాయో చూపించి రాయించండి.